నడిచేవాళ్లకు అనువైన వీధి: మరో నగరం సాయంతో కట్టుకునే పద్ధతి

వేరే నగరం చూసొచ్చిన బృందం ముందుగా తెచ్చేది ఫొటోలు. పూలతొట్లు, రాతి పలకలు, బెంచీల మీద తీరిగ్గా కూర్చున్న జనం. ఆ ఫొటోల్ని చూసి వేసిన వీధి రెండు వానలకే మడుగైపోతుంది. ఫొటోలో నేల వాలు కనపడదు. రాళ్ల కింద ఇసుక ఎంత మందాన పరిచారో కనపడదు. అక్కడి డ్రైవరు జీబ్రా గీత దగ్గర ఎందుకు ఆగుతున్నాడో అసలే కనపడదు. నగరాల మధ్య సహకారం ఒక్క వీధి స్థాయికి దిగినప్పుడే పనికొస్తుంది. తెచ్చుకోవాల్సింది బొమ్మలు కాదు, కొలతలు, లెక్కలు, వాళ్లు చేసిన తప్పుల జాబితా.

ఇది నగరపాలక సంస్థల ఇంజినీర్లకు, ప్లానర్లకు, తమ వీధి గురించి పట్టుబట్టే స్థానిక సంఘాలకు ఉద్దేశించింది.

ముందు మీ వీధిని లెక్కపెట్టండి

400 నుంచి 600 మీటర్ల పొడవున్న ఒక వీధిని ఎంచుకోండి. దాని రెండు కొసల్లోనూ జనం నడిచి వెళ్లే చోటు ఏదో ఒకటి ఉండాలి: బడి, బస్టాపు, సంత, ఆసుపత్రి. ఖాళీగా ఉంది కదా, పని సులువని ఊరి చివర రోడ్డును ఎంచుకుంటే రేపు ఫలితం చూపించడానికి అక్కడ మనుషులే ఉండరు.

జనాన్ని లెక్కపెట్టడానికి పరికరాలు అక్కర్లేదు. ప్రతి గంటలో 10 నిమిషాలు ఒక ఊహాగీతను దాటేవాళ్లను లెక్కపెట్టి 6తో గుణిస్తే గంట లెక్క వస్తుంది. ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా, ఒక పనిరోజు, ఒక సెలవురోజు చేయాలి. మొత్తం సంఖ్యతో ఆగిపోకుండా పిల్లలు, వృద్ధులు, వీల్‌చైర్లలో వెళ్లేవాళ్లు, పిల్లల బండి తోసేవాళ్లు ఎందరో విడిగా రాయండి. వెయ్యి మంది నడిచే వీధిలో వీల్‌చైర్ ఒక్కటీ కనపడలేదంటే వాళ్లు ఆ చుట్టుపక్కల లేరని కాదు, బయటికి రాలేకపోతున్నారని.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని స్ట్రోయెట్ వీధిలోకి 1962 నవంబరులో ప్రయోగంగా కార్లను ఆపారు. 1964లో దాన్ని శాశ్వతం చేశారు. ఆ నగరాన్ని మిగతావాటికి పాఠంగా మార్చింది మాత్రం ఆ తర్వాత వాస్తుశిల్పి యాన్ గేల్, ఆయన సహచరులు మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొనసాగించిన లెక్కింపు: ఎందరు నడుస్తున్నారు, ఎందరు నిలబడ్డారు, ఎందరు కూర్చున్నారు. 'జనం రారు' అనే వాదనకు అంకెలతో జవాబు చెప్పగలిగారు.

గేల్ సూచించిన ఒక కొలమానం రోజువారీ పనికి అక్కరకొస్తుంది. రెండు దిక్కులా జనం నడిచే చోట మీటరు వెడల్పుకు నిమిషానికి 10 నుంచి 15 మంది దాటితే నడక ఇరుకవుతుంది. రద్దీ వేళ 10 నిమిషాల్లో 260 మంది వెళ్లారనుకోండి. నిమిషానికి 26 మంది. మీటరుకు 13 చొప్పున చూస్తే కనీసం 2 మీటర్ల ఖాళీ నడకదారి కావాలి. ఈ 2 మీటర్లలో కరెంటు స్తంభం, చెట్టు మొదలు, దుకాణం మెట్లు కలపకూడదు. ఎస్టిమేట్లలో జరిగే మొదటి మోసం ఇక్కడే: అంచు నుంచి అంచుకు టేపు పట్టి '2 మీటర్లు' అని రాసేస్తారు, మధ్యలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలేసి.

భాగస్వామి నగరాన్ని ఎంచుకోవడం

పేరున్న నగరం వెంట పడకండి. మీ వీధికి పోలిక ఉన్న నగరాన్ని వెతకండి. వీధి వెడల్పు, వాన తీరు, ద్విచక్ర వాహనాల వాటా, రోడ్డు మీద అధికారం ఎవరిదన్నది, ఈ నాలుగూ చూసుకుంటే చాలు. నాలుగోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఫుట్‌పాత్, సిగ్నల్, డ్రైనేజీ మూడూ ఒకే సంస్థ చేతిలో ఉన్న నగరం చేసిన పనిని, ఆ మూడూ మూడు శాఖల కింద ఉన్న నగరం అదే వేగంతో చేయలేదు.

యునైటెడ్ సిటీస్ అండ్ లోకల్ గవర్నమెంట్స్, ఇక్లీ, సీ40 వంటి నగరాల కూటములు పరిచయాలకు దారి చూపిస్తాయి. వేరే దేశపు నగరంతో ఇప్పటికే జంటనగర (సిస్టర్ సిటీ) ఒప్పందం ఉంటే అదీ పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని కోవెంట్రీ, సోవియట్ యూనియన్‌లోని స్టాలిన్‌గ్రాడ్ నగరాలు కలుపుకున్న చెలిమి నుంచి ఇలాంటి ఒప్పందాలు బోలెడు ఉన్నాయి. వాటిలో చాలావాటి జీవితం జ్ఞాపికలతో, గ్రూపు ఫొటోతో ముగుస్తుంది. పాత ఒప్పందం కింద ఒక వీధిని అనుబంధంగా చేర్చితే కాగితానికి మళ్లీ ప్రాణం వస్తుంది.

అనుబంధం రెండు పేజీలు దాటనక్కర్లేదు. అందులో ఉండాల్సినవి:

- రెండు వైపులా ఒక్కో వీధి పేరు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా.
- బాధ్యులు ఎవరు అన్నది వ్యక్తి పేరుతో కాక హోదాతో. బదిలీ అయిన అధికారితోపాటే పథకం వెళ్లిపోకుండా ఇదొక్కటే కట్టడి.
- 18 నెలల గడువు: 3 నెలలు లెక్కింపు, 3 నెలలు నమూనా, 4 నెలలు తాత్కాలిక ప్రయోగం, మిగతాది పక్కా పని.
- ప్రయాణ ఖర్చు, అనువాద ఖర్చు ఎవరివి.
- లెక్కలు, వీడియోలు ఎవరి సొత్తు, వాటిలోని ముఖాలు, నంబరు ప్లేట్లు ఎవరు చెరిపేయాలి.
- నెలకొకసారి ఆన్‌లైన్ సమావేశం, దానికి ముందు పంపాల్సిన కాగితాలు.

ప్రయాణానికి ఇద్దరికే డబ్బుంటే ఒక సైట్ ఇంజినీరును, ఒక నిర్వహణ సూపర్‌వైజరును పంపండి. రాళ్లు ఎలా పరిచారో, ఏ అతుకు ముందు విరుగుతోందో వాళ్ల కళ్లకే ఆనుతుంది.

వాళ్లను ఏం అడగాలి

ప్రెజెంటేషన్ వద్దనండి. కొలతలు వేసిన అడ్డుకోత డ్రాయింగులు (వీధిని అడ్డంగా కోస్తే ఏది ఎంత వెడల్పో చూపేవి), టెండరు స్పెసిఫికేషన్లు, పనికి ముందు వెనకల లెక్కలు, మొదటి రెండేళ్లలో వచ్చిన ఫిర్యాదుల రిజిస్టరు, ఏడాది నిర్వహణ ఖర్చు అడగండి. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: 'కట్టాక మీరు పీకేసినవి ఏవి?' దీనికి వచ్చే జవాబు మిగతా కాగితాలన్నిటికంటే విలువైనది.

అడ్డుకోత: 18 మీటర్ల వీధి

ఇక లెక్కలోకి దిగుదాం. రెండు వైపుల గోడల మధ్య 18 మీటర్లున్న వీధి. ఇప్పుడు 4.5 మీటర్ల లేన్లు రెండు, రెండు వైపులా 2.5 మీటర్ల పార్కింగ్, చెరో పక్క 2 మీటర్ల ఫుట్‌పాత్. నడిచేవాడు దాటాల్సింది 14 మీటర్లు.

దీన్నిలా మార్చవచ్చు. లేన్లు 3 మీటర్ల చొప్పున 6 మీటర్లు. బస్సులు తిరిగే దారైతే ఒక్కో లేన్‌కు ఇంకో 25 సెంటీమీటర్లు కలిపి, ఆ మేరకు ఫుట్‌పాత్‌లో తగ్గించుకోవాలి. పార్కింగ్ ఒకవైపే, 2 మీటర్లు. మిగిలిన 10 మీటర్లు చెరో 5 వస్తుంది. ఆ అయిదులో గోడ పక్కన అర మీటరు తలుపులు తెరుచుకోవడానికి, సామాను చూసేవాళ్లు నిలబడటానికి. తర్వాత 3 మీటర్లు నడకకే. రోడ్డువైపు 1.5 మీటర్లలో చెట్లు, దీపస్తంభాలు, బెంచీలు, సైకిల్ స్టాండ్లు. ఈ మూడు పట్టీల క్రమం వీధి పొడవునా మారకూడదు. ఒకచోట బెంచీ నడకదారిలోకి జరిగిందంటే చూపులేని మనిషి చేతికర్రకు దొరికిన గీత అక్కడ తెగిపోతుంది.

ఇంత వెడల్పు లేని వీధుల్లో కూడా ఖాళీ నడకదారి 1.8 మీటర్ల కంటే తగ్గనివ్వకండి. వీల్‌చైర్ వెడల్పు సుమారు 70 సెంటీమీటర్లు. రెండు ఎదురెదురుగా వస్తే చేతులు గీసుకోకుండా దాటడానికి ఆ మాత్రం కావాలి. తలపైన 2.5 మీటర్ల దాకా బోర్డులు, కొమ్మలు ఉండకూడదు. అడ్డవాలు 50కి 1 చాలు, అంటే 50 సెంటీమీటర్ల వెడల్పుకు 1 సెంటీమీటరు దిగడం. నీళ్లు పోవడం లేదని కాంట్రాక్టరు వాలు పెంచితే వీల్‌చైర్ పక్కకు లాగేస్తుంది, నెట్టేవాళ్లు ఒక చేత్తోనే బరువంతా మోయాల్సి వస్తుంది.

మూల మలుపు, ర్యాంపు

వీధి పనిలో సగం ఓపిక ఇక్కడే పెట్టాలి. మలుపు దగ్గర కర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) వంపు వ్యాసార్ధం 10 మీటర్లుంటే కారు బ్రేకు తొక్కకుండా తిరుగుతుంది. 3 నుంచి 5 మీటర్లకు తగ్గిస్తే వేగం తగ్గించక తప్పదు. దాటే దూరమూ తగ్గుతుంది. 'ఫైరింజన్ తిరగదు' అంటారు. నిజంగా తిరుగుతుందో లేదో సున్నంతో గీత గీసి, అసలు బండినే తెప్పించి తిప్పి చూడండి. అత్యవసర వాహనం రోడ్డు మొత్తం వాడుకుని తిరగొచ్చు. అయినా కుదరకపోతే ఆ మూలలో చక్రం ఎక్కగల తక్కువ ఎత్తు రాతి అంచు వేయాలి.

ర్యాంపు వాలు 12కి 1. కర్బ్ 15 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపుకు 1.8 మీటర్ల పొడవు కావాలి. ఫుట్‌పాత్ వెడల్పే 1.8 అయితే? ర్యాంపు దాన్ని మొత్తం మింగేస్తుంది, నేరుగా వెళ్లేవాళ్లు వాలు మీద అడ్డంగా నడవాలి. అలాంటి చోట ర్యాంపు కట్టకుండా మూల భాగం మొత్తాన్నీ రోడ్డు మట్టానికి దించి, దానికి అటూ ఇటూ పొడవునా వాలు ఇవ్వాలి.

ర్యాంపు అడుగు రోడ్డును తాకే గీత దగ్గర వంగి చూడండి. అక్కడ 2 సెంటీమీటర్ల గట్టు మిగిలితే వీల్‌చైర్ ముందు చక్రం దానికి తట్టి ఆగిపోతుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలుతాడు. ఈ గట్టు రెండు కారణాల వల్ల పుడుతుంది. ర్యాంపు ముందే కట్టేసి, తర్వాత రోడ్డు మట్టం సరిచూసుకోకపోవడం ఒకటి. తారు పొర వేసేటప్పుడు అంచుదాకా పాత పొర గీకకపోవడం రెండోది. ర్యాంపు దిగగానే రోడ్డు మళ్లీ నిటారుగా ఎక్కుతున్నా చిక్కే, కాళ్లపలక రోడ్డుకు తగులుతుంది. ఆ ఎదురువాలు 20కి 1 దాటకూడదు. పక్కనే డ్రైనేజీ జాలీ ఉంటే దాని సందులు నడిచే దిశకు అడ్డంగా ఉండాలి, 13 మిల్లీమీటర్లకు మించకూడదు.

గట్టు పూర్తిగా పోయిందంటే చూపులేనివారికి రోడ్డు ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకే ర్యాంపు చివర 60 సెంటీమీటర్ల మేర బొడిపెల పలకలు వేయాలి. జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించిన ఈ పలకలు 1967లో ఒకాయామాలో మొదటిసారి వీధికెక్కాయి. వాటి భాష రెండు మాటలే: పొడుగు గీతలంటే ఈ దారిన సాగమని, బొడిపెలంటే ఆగి చూసుకోమని. రంగు బాగుందని బొడిపెల పలకల్నే వీధి పొడవునా పరిచేస్తే అడుగడుగునా 'ఆగు, ఆగు' అని చెప్పినట్టు. గీతల పలకలు తిన్నగా వెళ్లి స్తంభానికి ఢీకొట్టే చోట్లకూ కొదవ లేదు. ఈ పలకలకు ఐఎస్‌ఓ 23599 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. భాగస్వామి నగరం ఏ పలక వాడినా దానితో సరిపోల్చుకోండి.

దాటే చోటు

క్రాసింగ్ దగ్గర పార్కింగ్ తీసేసి ఫుట్‌పాత్‌ను లేన్ దాకా ముందుకు తెస్తే పై ఉదాహరణలో దాటాల్సిన 14 మీటర్లు 6కు దిగుతుంది. సెకనుకు 0.8 మీటర్లు నడిచే వృద్ధురాలికి 17.5 సెకన్ల ప్రయాణం 7.5 సెకన్లవుతుంది. సిగ్నల్ సమయాన్ని సెకనుకు 1.2 మీటర్ల నడకతో లెక్కేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ లెక్కన 14 మీటర్లకు 12 సెకన్లే ఇస్తారు. అప్పటికి ఆమె ఇంకా రోడ్డు మధ్యే ఉంటుంది.

క్రాసింగ్‌కు 6 మీటర్ల ముందు నుంచే వాహనం పార్క్ చేయనివ్వకండి, పిల్లాడు కారు చాటున పడతాడు. రెండు కంటే ఎక్కువ లేన్లుంటే మధ్యలో ఆగి నిలబడటానికి కనీసం 1.8 మీటర్ల లోతున్న దీవి లాంటి గట్టు ఉండాలి. ఎదురుచూపు 30 సెకన్లు దాటితే జనం ఎర్ర దీపాన్ని లెక్కచేయరు. కంచె కట్టేకంటే సిగ్నల్ దీపాలు మారే వ్యవధి కుదించడం మేలు.

ఎత్తు క్రాసింగ్, అంటే రోడ్డునే 10 సెంటీమీటర్లు లేపి ఫుట్‌పాత్ మట్టానికి దగ్గరగా తేవడం, ఉన్నవాటిలో నమ్మకమైన సాధనం. దాని వల్ల వచ్చే తంటా ఒకటే: అది ఆనకట్టలా నీటిని ఆపుతుంది. ఎగువవైపు రెండు అంచుల్లోనూ నీరు దిగే జాలీ పెట్టాకే క్రాసింగ్ పోయాలి.

ఇక నడిచేవాళ్ల కోసం కట్టే వంతెనల సంగతి. రోడ్డు పైన 6 మీటర్లు ఎక్కాలంటే 15 సెంటీమీటర్ల మెట్లు 40. ర్యాంపైతే 72 మీటర్లు, మధ్య మధ్య సమతలాలు అదనం. 14 మీటర్లు దాటడానికి ఇంత ఎక్కి దిగమనడం కార్లకు చేసే సేవ తప్ప నడిచేవాళ్లకు కాదు.

వేగం గురించి ఒక లెక్క చాలు. డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను, పొడి రోడ్డు మీద గట్టి బ్రేకు అనుకుంటే 30 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి సుమారు 13 మీటర్లు, 50లో 28 మీటర్లు పడుతుంది. రోడ్డు భద్రత మీద వెలువడిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన మనుషులు, వాహనాలు కలిసి తిరిగే చోట్ల 30 పరిమితిని కోరింది ఇందుకే. 2019లో ఓస్లోలో నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు ఒక్కరూ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. అక్కడ బోర్డులతో సరిపెట్టుకోలేదు. వేగ పరిమితులు దించారు, నగర కేంద్రంలో వీధి పార్కింగ్ తీసేశారు.

అరువు తెచ్చినవి బెడిసికొట్టే చోట్లు

వాళ్లది కుడివైపు ట్రాఫిక్, మీది ఎడమవైపు అయితే డ్రాయింగు మొత్తం అద్దంలో చూసినట్టు తిప్పాలి. బస్సు తలుపు ఏ పక్క, దాటేవాడు ముందు ఎటు చూడాలి, ఏ మలుపు సిగ్నల్‌తో తలపడుతుంది, అన్నీ తారుమారవుతాయి. డ్రాయింగు తిప్పి, నేల మీద రాసే 'ఎడమవైపు చూడండి' మాట తిప్పడం మరిచిపోతే ప్రాణాల మీదికొస్తుంది. అడుగులు, మీటర్లు కలిపి రాసిన పట్టికల్నీ అంతే జాగ్రత్తగా చూడాలి.

జీబ్రా గీతలు మరో ఉచ్చు. కొన్ని దేశాల్లో అంచున మనిషి నిలబడితే చాలు, వాహనం ఆగాలని చట్టం, జరిమానా, డ్రైవింగ్ పరీక్షలో ప్రశ్న. అవేవీ లేనిచోట తెల్లగీతలు మాత్రమే తెస్తే నడిచేవాడికి లేని ధైర్యం ఇచ్చినట్టవుతుంది. చట్టం బలం లేనప్పుడు ఆ పని ఎత్తు క్రాసింగ్ చేయాలి.

బొల్లార్డుల (బండ్లు రాకుండా పాతే పొట్టి స్తంభాలు) మధ్య 1.2 మీటర్లు వదిలితే వీల్‌చైర్ వెళ్తుంది, కారు పోదు. మోటార్ సైకిల్ మాత్రం వెళ్తుంది. దాన్ని ఆపాలని సందు బిగిస్తే ముందు ఆగిపోయేది వీల్‌చైరే. ద్విచక్ర వాహనాలు ఎక్కువున్న నగరం దీనికి జవాబు కార్ల నగరం నుంచి తెచ్చుకోలేదు. రోడ్డు మీద వాటికి నిలపడానికి చోటిచ్చి, ఫుట్‌పాత్ ఎక్కినవాటికి జరిమానా వేయాలి.

బాగా కుదిరిన అరువులూ ఉన్నాయి. బార్సిలోనాలో 9 బ్లాకుల్ని కలిపి లోపలి వీధుల్ని అడ్డదారిగా వాడుకునే వాహనాల్ని ఆపే సూపర్‌బ్లాక్ పద్ధతి చదరపు గళ్ల నగరానికి పుట్టింది. వియన్నా 2022లో దాన్ని ఫావొరిటెన్ ప్రాంతంలో ప్రయోగించినప్పుడు గళ్ల లెక్క కాకుండా సూత్రాన్ని తీసుకుంది: లోపలివాళ్లు ఇంటిదాకా రావచ్చు, అడ్డదారిగా దూసుకుపోవడం కుదరదు. స్పెయిన్‌లోని పోంతెవేద్రా నగరం మెట్రో మ్యాప్‌లాగే ఒక నడక పటం వేసింది, స్టేషన్ల బదులు కూడళ్లు, వాటి మధ్య నడవడానికి పట్టే నిమిషాలు. మెట్రోమినూతో అనే ఆ పటాన్ని తర్వాత అనేక నగరాలు తయారుచేసుకున్నాయి. కాగితం ఖర్చుతో అయ్యే పని. మీ ప్రాజెక్టులో మొదటి నెలలోనే చేసేయొచ్చు.

తాత్కాలిక ప్రయోగం

పక్కా పనికి ముందు రంగు, కోన్లు, వంగే ప్లాస్టిక్ స్తంభాలు, తొట్లతో అదే కొలతల్ని నేల మీద పరిచి చూడండి. న్యూయార్క్ 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వేను ఇలాగే మూసి, మడత కుర్చీలు వేసింది. శాశ్వత నిర్మాణం 2016కి గాని పూర్తి కాలేదు.

నేల రంగులో సన్న ఇసుక కలపకపోతే వానలో జారుతుంది. తొట్టి, మొక్క కలిపి క్రాసింగ్ దగ్గర 60 సెంటీమీటర్లు మించితే పిల్లలు కనపడరు. అక్కడ తొట్టి బదులు మెరిసే పట్టీలున్న స్తంభాలే నయం. మొదటి రెండు వారాల లెక్కలు పక్కన పెట్టండి, అప్పుడు అందరూ తడబడతారు. మూడో వారం నుంచి మొదటి లెక్కింపు చోటులోనే, అదే వేళల్లో మళ్లీ లెక్కపెట్టాలి. వాహనాల వేగం కొలిచేటప్పుడు సగటు ఒక్కటే రాయకండి. నూటికి 85 వాహనాలు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయో అది కూడా రాయండి, ప్రమాదం ఆ పైనున్న 15లోనే ఉంటుంది. ప్రయోగంలో ఒక్క పెద్ద వానైనా పడాలి. నీరు ఎక్కడ నిలిచిందో సుద్దతో గీసి పెట్టుకోండి.

దుకాణదారులు పార్కింగ్ పోతుందని గొడవపడతారు. వాళ్లతో వాదించకుండా, వాళ్ల కొనుగోలుదారులు ఎలా వచ్చారో దుకాణం తలుపు దగ్గరే మూడు రోజులు అడిగి రాయించండి. సామాను దించే వేళలు వాళ్లతో కూర్చునే ఖరారు చేయండి.

పక్కా పని

నడకదారికి 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు, వాహనాలు ఇళ్లలోకి దాటే చోట 80. కింద 30 మిల్లీమీటర్ల ఇసుక, దాని కింద గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర పొర. ఎక్కడైనా కుంగితే నేరం బ్లాకుది కాదు, సరిగా దిమ్మిస పడని పొరది. ఇళ్ల గేట్ల దగ్గర ఫుట్‌పాత్ దిగకూడదు. కారే ఎక్కి దిగాలి. గేటు గేటుకూ దిగి ఎక్కే ఫుట్‌పాత్‌ను వదిలేసి జనం రోడ్డు మీద నడుస్తారు, తర్వాత 'కట్టినా వాడరు' అన్న నింద వాళ్ల మీదే పడుతుంది.

నీటి పైపులు, కేబుళ్ల శాఖలకు పని మొదలవడానికి ముందే తేదీలివ్వండి. కట్టాక తవ్వితే ఎన్ని రోజుల్లో, ఏ మట్టానికి పూడ్చాలో అనుమతి పత్రంలోనే రాయించండి. బ్లాకుల్ని 3 శాతం అదనంగా కొని స్టోర్‌లో ఉంచండి. రెండేళ్ల తర్వాత అదే రంగు, అదే అచ్చు దొరకదు.

పూర్తయిన 6 నెలలకు, 12 నెలలకు మళ్లీ లెక్కపెట్టి ఆ కాగితాలు భాగస్వామి నగరానికి పంపాలి. మీరు పీకేసినవి ఏవో అందులో మొదటి పేజీలోనే ఉండాలి.